నల్ల తల్లి, నల్ల తండ్రి, తొమ్మిది పిల్లలు

2021 నవంబరు రెండో వారంలో ఒక ఉదయం విశాఖ ఎం.వి.పి. కాలనీ నుంచి ఫోను వచ్చింది. చేసింది రిటైరైన సైన్సు టీచరుగారు. వాళ్ల నల్ల ల్యాబ్రడార్ లక్కీకి అది మొదటి కాన్పు. "తొమ్మిది పెట్టింది డాక్టరుగారూ, అన్నీ పాలు తాగుతున్నాయి. కానీ ఒకసారి మీరొచ్చి చూడాలి" అన్నారు. గొంతులో సంతోషం వినిపించలేదు.

వెళ్లి చూస్తే వెనక వరండాలో పాత చీరల మీద లక్కీ పడుకుని ఉంది. పొట్ట దగ్గర నాలుగు నల్ల పిల్లలు, నాలుగు మీగడ రంగు పిల్లలు, ఒక చాక్లెట్ పిల్ల. మీగడ రంగును మన దగ్గర అందరూ ఫాన్ అంటారు, బ్రీడ్ పుస్తకాల్లో పసుపు అని ఉంటుంది. నేనూ ఫాన్ అనే అంటాను. తల్లికి జ్వరం లేదు, పాలు బాగా పడ్డాయి, ఏ పిల్లకూ అంగిలి చీలిక లేదు. వైద్యుడిగా నా పని పది నిమిషాల్లో అయిపోయింది. ఆ ఇంట్లో గొడవ మాత్రం అప్పుడే మొదలైంది.

తండ్రి అనుకుంటున్న సింబా ఉక్కునగరంలో ఉంటాడు. వాడూ నలుపే. క్రాసింగ్‌కి డబ్బు మాట్లాడుకోలేదు, ఒక పిల్లను ఇచ్చేట్టు ఒప్పందం. లక్కీని సెప్టెంబరులో రెండు రోజులు అక్కడ ఉంచి తీసుకొచ్చారు. పిల్లల ఫొటోలు చూడగానే సింబా యజమాని బయల్దేరి వచ్చేశారు. "మా వాడి పేపర్లు చూసుకోండి, తాత వరకూ అంతా నలుపే. ఈ ఫాన్ పిల్లలు ఎక్కణ్నుంచొచ్చాయండీ? ఏటో జరిగింది" అన్నారు. టీచరుగారికి అది అవమానంలా తగిలింది. "అయితే మీ సింబాయే అసలు జాతి కాదేమో" అని ఆవిడా అనేశారు. దీనికి తోడు పక్కింట్లో టైసన్ అనే ఫాన్ ల్యాబ్రడార్ ఉంది. లక్కీ తిరిగొచ్చిన మర్నాడు అది గోడ దూకి వచ్చిందని పనమ్మాయి చెప్పింది. నల్ల పిల్లలే పుడతాయని అప్పటికే ఐదుగురికి మాట ఇచ్చి ఉన్నారు. ఇంట్లో టెన్షన్ ఎంతుందో లక్కీకి తప్ప అందరికీ తెలుస్తోంది.

ఇద్దర్నీ కూర్చోబెట్టి, ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక గళ్లు గీసి చెప్పాను. ల్యాబ్రడార్ మూడు రంగులనూ ప్రధానంగా రెండు జన్యువులు నిర్ణయిస్తాయి. ఒకటి ఇంకు లాంటిది. అది వెంట్రుకల్లోకి వెళ్లే ముదురు రంగు నలుపా, చాక్లెట్టా అన్నది తేలుస్తుంది. రెండోది కుళాయి లాంటిది. ఆ ముదురు ఇంకు వెంట్రుకలోకి వెళ్లాలా వద్దా అన్నది దాని పని. కుళాయి మూసుకుపోతే లోపల ఏ ఇంకున్నా వెంట్రుక ఫాన్‌గానే వస్తుంది. ముక్కు, కనురెప్పల అంచు మాత్రం లోపలి ఇంకు రంగునే చూపిస్తాయి. శాస్త్రంలో ఇంకు జన్యువును టి.వై.ఆర్.పి.1 అనీ, కుళాయి జన్యువును ఎం.సి.1.ఆర్ అనీ అంటారు.

ప్రతి కుక్కకూ ఈ జన్యువులు రెండేసి కాపీలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్క నలుపు కాపీ ఉన్నా ఇంకు నల్లగా తయారవడానికి సరిపోతుంది, కాబట్టి నలుపు బహిర్గతం. చాక్లెట్ రావాలంటే రెండు కాపీలూ చాక్లెట్‌వే కావాలి, అది అంతర్గతం. కుళాయిదీ అదే లెక్క. తెరిచే కాపీ ఒకటుంటే చాలు, మూసుకుపోవాలంటే రెండూ మూసేవే అయి ఉండాలి. కాబట్టి ఒక నల్ల కుక్క లోపల చాక్లెట్ కాపీ ఒకటి, మూసే కాపీ ఒకటి దాచుకుని తరాల తరబడి నల్లగానే కనిపించగలదు. పేపర్ల మీద ఉండేది పైకి కనిపించే రంగే. లోపలున్నది ఎవరూ రాయరు.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఫాన్ ల్యాబ్రడార్లలో మొదటిదిగా నమోదైన బెన్ ఆఫ్ హైడ్ 1899లో ఇంగ్లండులో పుట్టింది. దాని తల్లీ తండ్రీ ఇద్దరూ నల్లవే.

లక్కీ, సింబా ఇద్దరిలోనూ ఈ రెండు దాపరికాలూ ఉంటే పిల్లలు సగటున పదహారింటికి తొమ్మిది నలుపు, మూడు చాక్లెట్, నాలుగు ఫాన్ రావాలి. టీచరుగారు పదో తరగతికి ముప్పై ఏళ్లు బఠాణీ మొక్కలు చెప్పినావిడ. గళ్లు చూడగానే ఆవిడ ముఖం తేటపడింది. సింబా యజమాని మాత్రం లెక్క పట్టుకున్నారు. "తొమ్మిదిలో ఫాన్ రెండు రావాలి కదండీ, నాలుగొచ్చాయేటి?" మంచి ప్రశ్న. నలుగురిలో ఒకరు అన్నప్పుడు అది ప్రతి పిల్లకూ విడిగా వేసుకునే లెక్క. ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు కాబట్టి నాలుగోది మగపిల్లాడే అని ఇళ్లల్లో అంటుంటారు. కడుపుకి ఆ లెక్క గుర్తుండదు. ఇలాంటి జంటకు తొమ్మిది పిల్లల కాన్పులు ఎన్నో చూస్తే, సుమారు ఆరింటిలో ఒక కాన్పులో ఫాన్ పిల్లలు నాలుగు గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటాయి. వింత అనదగ్గ సంఖ్య కాదు.

"కాబట్టి తండ్రి సింబాయే, అనుమానం అక్కర్లేదు" అని చెప్పి వచ్చేశాను. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్నే టీచరుగారి ఫోను. "నిన్న మీరు గీసిన గళ్లలో సింబా చోట టైసన్‌ను పెట్టి చూశానండీ. దానికీ లోపల ఒక చాక్లెట్ కాపీ ఉంటే ఈ మూడు రంగులూ వస్తాయి. పైగా ఫాన్ సగానికి సగం రావాలి. మనకి తొమ్మిదిలో నాలుగొచ్చాయి." ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. అప్పుడు టైసనే ఈ లెక్కకు ఇంకా దగ్గరగా నప్పుతుంది. నేను సింబా తండ్రి కాగలడు అని మాత్రమే చూపించాను, తండ్రి అని రుజువు చేయలేదు. రంగుల లెక్క కొందరిని కాదని కొట్టేయగలదు గాని ఉన్నవాళ్లలో ఒకరిని ఎంచి చూపించలేదు. ఇద్దరూ తండ్రులయ్యే వీలు కూడా ఉంది. ఆడకుక్కలో అండాలు విడుదలయ్యాక పక్వం కావడానికి సుమారు రెండు రోజులు పడుతుంది, మగకుక్క వీర్యకణాలు లోపల చాలా రోజులు బతుకుతాయి. అందుకే ఒకే కాన్పులో కొన్ని పిల్లలకు ఒక తండ్రి, మిగిలిన వాటికి ఇంకో తండ్రి ఉండటం కుక్కల్లో జరిగేదే.

ఆవిడకు ఆ మాటే చెప్పి, తప్పు ఒప్పుకుని, డి.ఎన్.ఎ. పరీక్ష చేయిద్దామన్నాను. పక్కింటివాళ్లు టైసన్ శాంపిల్‌కి మంచి మనసుతో ఒప్పుకున్నారు. పిల్లలకు నాలుగు వారాలు నిండాక, తల్లి దగ్గర్నుంచి కాసేపు విడదీసి, బుగ్గ లోపల స్వాబ్ తిప్పి తీశాం. పాలు తాగిన నోట్లో తల్లి కణాలుంటే ఫలితం పాడవుతుంది కాబట్టే ఈ విడదీత. నాలుగు నల్ల పిల్లలూ ఒకేలా ఉన్నాయని తొమ్మిదింటి మెడలకూ తొమ్మిది రంగుల మొలతాళ్లు కట్టాం. అదే రోజు టీచరుగారు ఒక ఫాన్ పిల్లను ఎత్తి చూపించారు. మిగతా మూడింటి ముక్కులు నల్లబడుతుంటే దాని ముక్కు కాఫీ రంగులోకి తిరుగుతోంది. అంటే లోపల ఇంకు చాక్లెట్, బయట కుళాయి మూత. చాక్లెట్ పిల్లలు నిజానికి రెండు, ఒకటి ఫాన్ ముసుగులో ఉంది.

సింబా శాంపిల్ కోసం ఉక్కునగరం వెళ్లాను. ఈ కేసులో అసలు మలుపు అక్కడే.

స్వాబ్ తీస్తుంటే ఆయన మాటల్లో అన్నారు. "గులాబ్ తుఫానప్పుడు కరెంటు పోయింది కదండీ, అప్పట్నుంచి వీడికి చీకటంటే భయం పట్టుకుంది. సాయంత్రమైతే మెట్లు దిగడు. క్యారెట్లు, కాలేయం పెడుతున్నాను." సింబాకి ఐదేళ్లు. చిన్నప్పట్నుంచీ ఆ మెట్ల మీదే పరుగెత్తిన కుక్క. క్లినిక్‌కి రప్పించి చూశాను. వెలుతురులోనూ కనుపాపలు పెద్దగానే ఉన్నాయి, టార్చి వేస్తే నెమ్మదిగా ముడుచుకుంటున్నాయి. లైట్లు తగ్గించి దూది ఉండను ముందు జారవిడిస్తే తల తిప్పలేదు, లైట్లు వేశాక అదే ఉండను పట్టుకోవడానికి దూకాడు. కంటి వెనక భాగం చూస్తే, అద్దంలా మెరిసే పొర మామూలు కన్నా ఎక్కువగా తళతళలాడుతోంది, రెటీనా రక్తనాళాలు దారాల్లా సన్నబడ్డాయి. మన తీరంలో పిడుదుల జ్వరం ఎక్కువ, అదీ కళ్లను దెబ్బతీస్తుంది, కాబట్టి ముందు రక్తపరీక్ష చేయించాను. ఏమీ లేదు. శుక్లాలూ లేవు, కంటి ఒత్తిడీ మామూలే.

నా అనుమానం పి.ఆర్.ఎ. మీదికి పోయింది. రెటీనా క్రమంగా క్షీణించిపోయే వంశపారంపర్య జబ్బు ఇది. ల్యాబ్రడార్లలో కనిపించే ఒక రకానికి పి.ఆర్.సి.డి. అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం కారణమని 2006లో కనుక్కున్నారు. అదే మార్పు మనుషుల్లో రెటినైటిస్ పిగ్మెంటోసా అనే ఇలాంటి కంటి జబ్బు తెస్తుంది. మసక వెలుతురులో చూపునిచ్చే కణాలు ముందు పోతాయి, అందుకే మొదట రేచీకటి. తర్వాత పగటి చూపూ పోతుంది. క్యారెట్లు పెట్టినా ఆగదు. ఇప్పటికి దీన్ని ఆపే వైద్యం మన చేతిలో లేదు. ఇదీ అంతర్గత లక్షణమే. రెండు కాపీలూ చెడితేనే జబ్బు. ఒక్కటే చెడితే కుక్కకు జీవితాంతం ఏమీ కాదు, దాన్ని క్యారియర్ అంటాం.

అంటే నల్ల కుక్కలో చాక్లెట్ ఎలా దాగుతుందో ఆరోగ్యంగా కనిపించే కుక్కలో గుడ్డితనం కూడా అలాగే దాగుతుంది. రంగు విషయంలో మేం ముగ్గురం వారాలపాటు వాదించుకున్నాం. దీని గురించి క్రాసింగ్‌కి ముందు ఒక్కరం కూడా అడగలేదు. లక్కీని ఆ సెప్టెంబరులో చూసి, టీకాలు, నట్టల మందు చూసి, "ఆరోగ్యంగా ఉంది, క్రాసింగ్ చేయించుకోవచ్చు" అన్నది నేనే. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

సింబాకీ లక్కీకీ ఈ పరీక్ష కూడా జతచేసి పంపాను. మూడు వారాలకు రిపోర్టులొచ్చాయి. తొమ్మిది పిల్లలకూ తండ్రి సింబాయే. సింబాలో రెండు చెడ్డ కాపీలు. లక్కీలో ఒకటి.

గళ్లు గీయాల్సిన పని కూడా లేదు. తండ్రి దగ్గర మంచి కాపీ అసలు లేదు కాబట్టి ప్రతి పిల్లకూ ఒక చెడ్డ కాపీ ఖాయం. తల్లి నుంచి సగం అవకాశంతో రెండోదీ వస్తుంది. తొమ్మిదింటిలో ఒక్కటి కూడా క్లియర్, అంటే చెడ్డ కాపీ అసలు లేనిది, కాదు; సుమారు సగం నడివయసులో చూపు పోగొట్టుకుంటాయి. ఏవేవి అన్నది పరీక్షిస్తేనే తెలుస్తుంది. సింబా యజమాని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, అంతకుముందు సింబాతో క్రాసింగ్ చేయించినవాళ్లందరికీ తనే ఫోన్ చేస్తానన్నారు, చేశారు కూడా. కొందరు కోప్పడ్డారట. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే.

పిల్లల పరీక్షల్లో నాలుగింటికి రెండు చెడ్డ కాపీలు: రెండు నల్లవి, ఒక ఫాన్, చాక్లెట్ పిల్ల. మిగతా ఐదూ క్యారియర్లు. చాక్లెట్‌కే ఎందుకొచ్చింది, రంగుకీ దీనికీ సంబంధముందా అని టీచరుగారు అడిగారు. లేదు. ఇంకు జన్యువు కుక్కల్లో 11వ క్రోమోజోము మీద, కుళాయి జన్యువు 5 మీద, ఈ కంటి జన్యువు 9 మీద ఉంటాయి. వేర్వేరు క్రోమోజోముల మీదున్నవి దేని దారిన అవి పంచబడతాయి. ఒకే క్రోమోజోము మీద దగ్గరగా ఉన్నవే జంటగా నడుస్తాయి. పాలిచ్చే జంతువుల్లో అలా జంటగా నడవడాన్ని 1915లో ఎలుకల రంగుల్లోనే చూపించిన ముగ్గురిలో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. చివరి ఏళ్లు భువనేశ్వర్‌లో గడిపిన ఆయన తన దేహాన్ని మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు. ఈ సంగతి చెప్పినప్పుడు టీచరుగారు కాసేపు అన్నీ మరిచిపోయి విన్నారు.

ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017 కుక్కల పెంపకం నిబంధనలు చెబుతాయి. ఆ ఎనిమిది వారాలు ఆగడం ఈ కేసులో వరమైంది. రిపోర్టులు చేతికొచ్చేసరికి ఒక్క పిల్ల కూడా ఇల్లు దాటలేదు. మాటిచ్చిన ఐదు కుటుంబాలనూ టీచరుగారు ఒక్కొక్కరినీ పిలిచి కాగితాలు చూపించారు. ఇద్దరు వద్దన్నారు, వాళ్లను తప్పుపట్టను. ఒక కుటుంబం అన్నీ విని, చూపు పోయే నల్ల పిల్లల్లో ఒకదాన్నే తీసుకుంది. క్యారియర్లను తీసుకున్నవాళ్లకు నేను చెప్పింది ఇదే. మీ కుక్క గుడ్డిది కాదు, కాబోదు. ఎప్పుడైనా క్రాసింగ్ చేయించాలంటే ఎదుటి కుక్క క్లియర్ అని పరీక్షలో తేలాలి, అప్పుడు పిల్లల్లో సగం క్యారియర్లు ఉండొచ్చు గాని జబ్బుది ఒక్కటీ పుట్టదు. క్యారియర్ అనగానే వంశం ఆపేయాలన్న సలహా నేనివ్వను. అలా అన్నిటినీ తీసేసుకుంటూ పోతే ఉన్న కాసిని మంచి వంశాలూ సన్నబడి, ఇంకేదో దాగిన జబ్బు పైకొస్తుంది.

సింబా యజమాని తన వంతుకు మొదట్నుంచీ చాక్లెట్ పిల్లనే కోరుకున్నారు. రిపోర్టులు రాకముందు ఆయన ఆలోచన, అది పెద్దయ్యాక సింబాతోనే కలిపితే సగం పిల్లలు చాక్లెట్ వస్తాయని. ఫాన్‌గా పుట్టేవాటిని పక్కన పెడితే లెక్క సరైనదే. దానికి నేను మేనరికంతో పోల్చి చెప్పాను, మన ఇళ్లల్లో తెలియనివాళ్లెవరు? మేనత్త, మేనమామ పిల్లల పెళ్లిలో ఒకే పూర్వీకుడి కాపీ రెండు వైపుల నుంచీ వచ్చి బిడ్డలో కలిసే అవకాశం ప్రతి జన్యువు దగ్గరా పదహారో వంతు. మేనమామ, మేనకోడలు అయితే ఎనిమిదో వంతు. తండ్రీ కూతుళ్ల కలయికలో నాలుగో వంతు. చాక్లెట్ రంగును తెచ్చే ఆ దారిలోనే దాగిన జబ్బులన్నీ నడిచి వస్తాయి. రిపోర్టు వచ్చాక అయితే లెక్కే అక్కర్లేకపోయింది. తండ్రికి రెండు చెడ్డ కాపీలు, కూతురికి రెండు, పిల్లలన్నిటికీ రెండేసి. ఒక్కటి కూడా తప్పించుకోదు.

టీచరుగారు పిల్లను మార్చుకోమన్నారు. ఆరోగ్యంగా ఉండే నల్ల క్యారియర్‌ను ఇస్తానన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "చూపు లేని కుక్కతో ఎలా ఉండాలో ఎలాగూ నేర్చుకుంటున్నాం కదండీ, దీన్నీ మేమే చూసుకుంటాం" అని చాక్లెట్ పిల్లనే తీసుకెళ్లారు. కోకో అని పేరు పెట్టారు. వయసొచ్చాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ నేనే చేశాను.

2023లో లక్కీకి రెండో కాన్పు. ఈసారి ముందే పరీక్షించిన నల్ల మగకుక్కను ఎంచాం. కళ్లకు క్లియర్, ఇంకు జన్యువులో ఒకటి నలుపు ఒకటి చాక్లెట్, కుళాయి జన్యువులో రెండూ తెరిచేవే. క్రాసింగ్ రోజునే కాగితం మీద రాసి టీచరుగారికిచ్చాను: నలుపు ముప్పావు వంతు, చాక్లెట్ పావు వంతు, ఫాన్ ఒక్కటి కూడా ఉండదు. ఫాన్ పుట్టిందంటే తండ్రి వేరే అని అర్థం, ఈసారి ఆ మాట రంగే చెప్పగలదు. చూపు పోయే పిల్ల ఒక్కటీ ఉండదు. ఆవిడ ఎదకొచ్చిన ఆ మూడు వారాలూ లక్కీని వెనక వరండాలోకి కూడా ఒంటరిగా వదల్లేదు. ఆరు పుట్టాయి, ఐదు నలుపు, ఒకటి చాక్లెట్. పరీక్షిస్తే నాలుగు క్లియర్, రెండు క్యారియర్లు.

సింబాకిప్పుడు చూపు పూర్తిగా పోయింది. అయినా ఆ ఇంట్లో వాడు తడబడటం నేను చూడలేదు. నాలుగేళ్లుగా సోఫా, మంచం, నీళ్ల గిన్నె అంగుళం జరపలేదు. మెట్లకు పైనా కిందా కొబ్బరి పీచు పట్టాలు పరిచారు, పాదానికి పీచు తగిలితే ముందు మెట్టుందని వాడికి తెలుస్తుంది. మొన్న చెకప్‌కి వెళ్లినప్పుడు సాయంత్రమైంది. కోకోకి నాలుగేళ్లు నిండాయి. సింబా వెనకే మెట్ల దాకా వచ్చి, ఎప్పుడూ లేనిది, పట్టా మీద ఆగింది. ముందుకాలుతో పీచును రెండుసార్లు తడుముకుంది. కింద నుంచి ఆయన పేరు పెట్టి పిలిచారు. నెమ్మదిగా దిగింది.